ఆన్‌లైన్ ఆటలో కనిపించే ‘పొటెన్షియల్’ మైదానంలో కనిపించదు

బజర్‌బీటర్ అనే ఆన్‌లైన్ బాస్కెట్‌బాల్ ఆటలో మనం బంతి పట్టుకోం. మనది మేనేజర్ పని. ఒక జట్టు మన చేతికి వస్తుంది. ప్రతి సీజన్‌కూ డ్రాఫ్ట్‌లో 18, 19 ఏళ్ల కొత్త కుర్రాళ్లు వచ్చి చేరతారు. వారం వారం వాళ్లకు శిక్షణ ఇవ్వాలి, ఆడించాలి, అవసరమైతే అమ్మాలి. పుదుచ్చేరి మేట్టుపాళయం పారిశ్రామిక వాడలో పనిచేసే నా మిత్రుడొకరు భోజన విరామంలో తన ‘కుర్రాళ్ల’ గురించి మాట్లాడుతుంటే, ఆయనకు నిజంగానే ఎక్కడో అకాడమీ ఉందని కొత్తవాళ్లు అనుకుంటారు. ఈ ఆటలో గెలుపోటముల కంటే నన్ను ఎక్కువగా ఆకర్షించినది దాని లోపల పనిచేసే శిక్షణ నమూనా. పిల్లల్లో ప్రతిభను మనం నిజజీవితంలో ఎలా వెతుకుతున్నామో, ఎక్కడ పొరబడుతున్నామో ఆ నమూనా పక్కన పెట్టి చూస్తే బాగా తెలుస్తుంది.

ముందుగా ఆట నియమాలు. వారానికి ఒక నైపుణ్యాన్ని ఎంచుకోవాలి. డ్రిబ్లింగ్ కావచ్చు, రీబౌండింగ్ కావచ్చు, దూరం నుంచి షాట్ వేయడం కావచ్చు. ఆ నైపుణ్యానికి సంబంధించిన స్థానంలో ఆటగాడు ఆ వారం మ్యాచ్‌లన్నీ కలిపి 48 నిమిషాలు ఆడితేనే పూర్తి శిక్షణ దక్కుతుంది. తక్కువ ఆడితే తక్కువే. వయసు పెరిగేకొద్దీ నేర్చుకునే వేగం తగ్గుతుంది. పొడవైనవాళ్లు బుట్ట దగ్గరి నైపుణ్యాలను త్వరగా నేర్చుకుంటారు, పొట్టివాళ్లు బంతిని నడిపించే నైపుణ్యాలను. వీటన్నిటికీ పైన ‘పొటెన్షియల్’ అనే ఒక స్థాయి ఉంటుంది. నైపుణ్యాల మొత్తం ఆ స్థాయికి చేరాక ఎంత సాధన చేయించినా ఎదుగుదల దాదాపు ఆగిపోతుంది. ఈ హద్దు కుర్రాడు జట్టులోకి వచ్చిన రోజే పేరు పక్కన రాసి ఉంటుంది. హద్దు తక్కువగా ఉన్నవాణ్ని అనుభవమున్న మేనేజర్లు మొదటి వారంలోనే వదిలించుకుంటారు. వాళ్ల దృష్టిలో అది లెక్క ప్రకారం సరైన పనే.

నా అభిప్రాయంలో ఈ నమూనాలో ఒక భాగం చాలా నిజం, మరో భాగం పూర్తిగా కల్పన. మన సెలక్షన్లలో మాత్రం ఆ నిజాన్ని వదిలేసి కల్పనను నమ్ముతున్నాం.

కల్పన సంగతి ముందు చూద్దాం. ఆటలోని కుర్రాడి ఎత్తు మారదు. 18 ఏళ్లకు ఎంత ఉంటే చివరిదాకా అంతే. నిజజీవితంలో మనం పిల్లల్ని ఎంపిక చేసేది అంతకంటే చాలా ముందు. హకీంపేటలోని తెలంగాణ స్పోర్ట్స్ స్కూలునే తీసుకోండి. నాలుగో తరగతి ప్రవేశాలకు 8-9 ఏళ్ల పిల్లలకు పరీక్షలు పెడతారు. ఎత్తు, బరువు కొలుస్తారు. 30 మీటర్ల పరుగు, 800 మీటర్ల పరుగు, షటిల్ రన్, నిలబడి ముందుకు దూకడం, పైకి ఎగరడం, మెడిసిన్ బాల్ విసరడం, శరీరం ఎంత వంగుతుందో చూడటం, అన్నీ ఉంటాయి. ఇలాంటి బడులు పేద పిల్లలకు తిండి, చదువు, ఆట ఒకేచోట అందిస్తున్నాయి. వాటి విలువను నేను తక్కువ చేయడం లేదు. పరీక్షలు కూడా శాస్త్రీయంగా రూపొందినవే. ప్రశ్న అది కాదు. ఆ రోజు టేపు మీద, స్టాప్‌వాచ్ మీద కనిపించిన అంకె దేన్ని కొలుస్తోంది అన్నదే ప్రశ్న.

సరిగ్గా 8 ఏళ్లు నిండిన పిల్ల, 8 ఏళ్ల 11 నెలల పిల్ల ఒకే వరుసలో నిలబడ్డారనుకోండి. రెండో పిల్ల మొదటి పిల్ల కంటే 11 శాతానికి పైగా ఎక్కువ కాలం బతికింది. ఆ వయసులో పిల్లలు ఏడాదికి 5, 6 సెంటీమీటర్లు పెరుగుతారు. కాబట్టి వాళ్లిద్దరి మధ్య కనిపించే తేడాలో కొంత ప్రతిభది, కొంత క్యాలెండర్‌ది. ఎంత భాగం దేనిదో స్టాప్‌వాచ్ చెప్పదు. 1985లో మనస్తత్వ శాస్త్రవేత్త రోజర్ బార్న్‌స్లీ, ఆయన సహచరులు కెనడా జూనియర్ ఐస్ హాకీ ఆటగాళ్ల పుట్టినరోజులను లెక్కవేసి చూపించారు. అక్కడ వయసు లెక్కకు జనవరి 1 గీటురాయి. జట్లలో ఏడాది మొదటి మూడు నెలల్లో పుట్టినవాళ్లు ఎక్కువగా, చివరి మూడు నెలల్లో పుట్టినవాళ్లు చాలా తక్కువగా ఉన్నారు. ఆ తర్వాత ఎన్నో దేశాల్లో, బాస్కెట్‌బాల్‌తో సహా ఎన్నో క్రీడల్లో ఇదే ధోరణి బయటపడింది. మన దగ్గర ఇలాంటి అధ్యయనం చేయాలంటే ఇంకో చిక్కుంది. తెలుగు ఊళ్లలో బడిలో చేర్చేటప్పుడు అయ్యవారు రాసిందే పుట్టినరోజు. రికార్డులు చూస్తే ఒక తరం తరమంతా జూన్ నెలలోనే పుట్టినట్టు ఉంటుంది!

పుట్టిన తేదీ కచ్చితంగా తెలిసినా సమస్య తీరదు. మగపిల్లల్లో ఎత్తు వేగంగా పెరిగే దశ సగటున 13, 14 ఏళ్ల మధ్య వస్తుంది. ఆడపిల్లల్లో సుమారు రెండేళ్లు ముందే వస్తుంది. సగటు అంటే సగటే. ఒక కుర్రాడికి 12 ఏళ్లకే రావచ్చు, పక్కింటి కుర్రాడికి 15 దాటాక రావచ్చు. ఒకే తరగతిలో, ఒకే నెలలో పుట్టిన ఇద్దరి ఎముకల వయసులో మూడు నాలుగేళ్ల తేడా ఉండటం వింతేమీ కాదు. అండర్-14 జట్టులో మీసాలు మొలిచిన పిల్లాణ్ని చూసి మనం దొంగ సర్టిఫికెట్ అని అనుమానిస్తాం. కొన్నిసార్లు అది నిజమే. కానీ చాలాసార్లు ఆ పిల్లాడు ముందుగా ఎదిగాడంతే.

భౌతికశాస్త్రం చదివినవాళ్లకు ఇది మొదటి ఏడాది పాఠం. ఒక వస్తువు ఎక్కడుందో చెప్పడానికి ఒక కొలత చాలు. ఎంత వేగంగా వెళ్తోందో చెప్పాలంటే వేర్వేరు సమయాల్లో కనీసం రెండు కొలతలు కావాలి. ఎంత దూరం వెళ్లగలదో చెప్పాలంటే ఇంకా చాలా తెలియాలి. మనం సెలక్షన్ రోజున ఒక్క కొలత తీసుకుని మూడో ప్రశ్నకు జవాబు చెప్పేస్తున్నాం.

పెద్దయ్యాక ఎంత ఎత్తు అవుతారో తల్లిదండ్రుల ఎత్తు నుంచి లెక్కగట్టే సూత్రం ఒకటుంది. పిల్లల డాక్టర్లు తరచూ వాడతారు. మగపిల్లలకైతే తండ్రి ఎత్తు, తల్లి ఎత్తు కూడి, 13 సెంటీమీటర్లు కలిపి, సగం చేయాలి. తండ్రి 170, తల్లి 156 సెంటీమీటర్లైతే జవాబు 169.5. కానీ ఈ అంచనాకు అటూ ఇటూ సుమారు 8.5 సెంటీమీటర్ల వెసులుబాటు ఉంటుంది. అంటే కుర్రాడు 161 దగ్గర ఆగిపోవచ్చు, 178 కూడా చేరవచ్చు. మన స్కూలు బాస్కెట్‌బాల్‌లో ఆ రెండు ఎత్తులవాళ్లు ఒకే స్థానంలో ఆడరు. వారసత్వం పాత్ర అత్యంత బలంగా ఉన్న ఎత్తు విషయంలోనే అంచనా ఇంత వదులుగా ఉంటే, ‘ఆట తెలివి’ని ఎనిమిదేళ్ల వయసులో పసిగట్టామని చెప్పేవాళ్లను ఏమనాలి? బుగ్గ లోపల దూదిపుల్ల తిప్పి, డీఎన్‌ఏ పరీక్షతో మీ బిడ్డకు తగిన క్రీడ చెబుతామనే ప్రకటనలూ వస్తున్నాయి. అలాంటి పరీక్షలకు ప్రతిభను గుర్తించడంలో ఎలాంటి పాత్రా లేదని 2015లోనే బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో నిపుణుల బృందం ఏకాభిప్రాయ ప్రకటన ఇచ్చింది. ఆ డబ్బుతో పిల్లాడికి మంచి బూట్లు కొనడం మేలు.

అమెరికా ఎన్‌బీఏలో డ్రాఫ్ట్ మీద కోట్ల డాలర్లు ఖర్చవుతాయి. అక్కడి అంచనాలు వేసేది 18 ఏళ్లు దాటినవాళ్ల మీద, చేతిలో బోలెడు సమాచారం పెట్టుకుని. అయినా 2014లో నికోలా యోకిచ్‌ను 40 మంది తర్వాత, 41వ స్థానంలో ఎంపిక చేశారు. ఆయన తర్వాత మూడుసార్లు లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడయ్యారు.

ఇప్పుడు ఆటలోని నిజమైన భాగానికి వద్దాం. అది ఆ 48 నిమిషాల నియమం. బజర్‌బీటర్‌లో పొడవైన కుర్రాడికి బంతి నడపడం నేర్పాలంటే ఆ వారం అతన్ని గార్డుగా ఆడించాల్సిందే. అతను తడబడతాడు, జట్టు ఓడిపోతుంది. మంచి మేనేజర్ ఆ ఓటమిని తెలిసే కొనుక్కుంటాడు. పైగా శిక్షణ ఫలితం వెంటనే కనిపించదు. నైపుణ్యం స్థాయి లోలోపల దశాంశాల్లో పెరుగుతూ ఉంటుంది, తెర మీద మాత్రం వారాల తరబడి అదే మాట ఉంటుంది. అందుకే ఓపిక లేనివాళ్లు ఈ ఆటను త్వరగానే వదిలేస్తారు.

మన స్కూలు మైదానంలో ఏం జరుగుతుంది? ఎనిమిదో తరగతిలో తోటివాళ్ల కంటే తల ఎత్తున్న పిల్లాణ్ని తీసుకెళ్లి బుట్ట కింద నిలబెడతారు. బంతి అందుకో, పైకెత్తి వెయ్. జిల్లా పోటీలు గెలుస్తారు. పీఈటీకి మంచి పేరు వస్తుంది, హెడ్మాస్టరుకు ఫొటో. ఆ పీఈటీని తప్పుపట్టలేం. ఆయన్ను కొలిచేది ఆ ఏడాది కప్పుతోనే. కానీ ఆ పిల్లాడు కేవలం ముందుగా ఎదిగినవాడైతే 17 ఏళ్లకు మిగతావాళ్లు అతని ఎత్తుకు వచ్చేస్తారు. అప్పుడు అతను సెంటర్‌కు చాలని ఎత్తుతో, గార్డుకు చాలని చేతివాటంతో మిగిలిపోతాడు. మూడేళ్లు గెలిపించినవాణ్నే చివరికి జట్టులోంచి తీసేస్తారు. ఆలస్యంగా ఎదిగేవాడికి అన్యాయం జరుగుతుందని అందరూ అంటారు. ముందుగా ఎదిగినవాడికి జరిగే ఈ నష్టం గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

దీనికి ఎదురు ఉదాహరణ ఆంథొనీ డేవిస్. షికాగోలో హైస్కూల్ మొదటి రోజుల్లో ఆయన గార్డు. చదువు ముగిసేలోగా ఏడెనిమిది అంగుళాలు పెరిగి 6 అడుగుల 10 అంగుళాలకు చేరారు. గార్డుగా అలవడిన చేతివాటం ఆ ఎత్తుతో పాటే మిగిలింది. 2012 డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపిక ఆయనే. ఆయన్ను ముందే పొడవుగా ఉన్నాడని బుట్ట కింద నిలబెట్టి ఉంటే ఆ చేతివాటం అబ్బేదా?

ఎత్తును చూడటమే తప్పని కాదు. విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజీలో హర్డ్‌లర్‌ను బడి పీఈటీ మొదట గుర్తించింది ఆమె ఎత్తు చూసే. ఆ కన్ను మంచిదే. కానీ ఆ కంటికి పడనివాళ్ల లెక్క మన దగ్గర ఎక్కడా ఉండదు. పైగా ఎంపికైనవాళ్లకు కోచ్, గుడ్డు, పాలు, రోజూ రెండు పూటలా సాధన దొరుకుతాయి. మిగిలినవాళ్లకు ఏవీ ఉండవు. ఐదేళ్ల తర్వాత ఎంపికైనవాళ్లే బాగా ఆడుతుంటారు. చూశారా, మన ఎంపిక సరైనదే అంటాం. ప్రయోగంలో పోల్చి చూసే రెండో గుంపు లేకుండా ఫలితం ప్రకటించడం లాంటిదే ఇది. ఇక దూరం సంగతి వేరే చెప్పాలా? యానాం తెలుగు పిల్లాడు పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతం ఆటగాడు. సెలక్షన్ పుదుచ్చేరిలో జరిగితే ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణించి, ఆ అలసటతోనే స్టాప్‌వాచ్ ముందు నిలబడాలి.

త్వరగా మొదలుపెట్టి, ఒకే క్రీడలో ముంచేస్తే కొందరైనా తేలతారని వాదించేవాళ్లున్నారు. ఆర్నె గ్యులిక్, బ్రూక్ మాక్నమారా, డేవిడ్ హాంబ్రిక్ 6,096 మంది క్రీడాకారుల సమాచారాన్ని క్రోడీకరించి ఒక విశ్లేషణ ప్రచురించారు. అందులో 772 మంది ప్రపంచ అగ్రశ్రేణివాళ్లు. పిల్లల స్థాయి పోటీల్లో మెరిసినవాళ్లు తమ క్రీడను త్వరగా మొదలుపెట్టి, అందులోనే ఎక్కువ సాధన చేసినవాళ్లు. పెద్దయ్యాక ప్రపంచ స్థాయికి చేరినవాళ్లను, జాతీయ స్థాయిలో ఆగిపోయినవాళ్లతో పోలిస్తే కథ తిరగబడింది. ప్రపంచ స్థాయివాళ్లు చిన్నప్పుడు ఎక్కువ ఆటలు ఆడారు, తమ క్రీడలోకి ఆలస్యంగా వచ్చారు, మొదట్లో నెమ్మదిగానే ఎదిగారు. ఇది కారణాన్ని నిరూపించే ప్రయోగం కాదు, గతాన్ని చూసిన గణాంకాలే. అయినా ఎనిమిదేళ్లకే తలుపులు మూసే పద్ధతిని ప్రశ్నించడానికి ఇది చాలు.

సాధనాలు లేవా అంటే, ఉన్నాయి. ఎడమ చేయి, మణికట్టు ఎక్స్-రే చూసి ఎముకల వయసు లెక్కించే టానర్-వైట్‌హౌస్ పద్ధతిని మన క్రికెట్ బోర్డు అండర్-16 స్థాయిలో ఏళ్లుగా వాడుతోంది. అయితే దాని పని వయసు దాచినవాళ్లను పట్టుకోవడం. అదే జ్ఞానం ఆలస్యంగా ఎదుగుతున్న పిల్లాడికి ఇంకో రెండేళ్లు గడువివ్వడానికీ పనికొస్తుంది. పోలీసు పనికి వాడుతున్నాం, డాక్టరు పనికి వాడటం లేదు. ఇంగ్లండ్‌లో ప్రీమియర్ లీగ్ ఫుట్‌బాల్ అకాడమీలు గత దశాబ్దంలో మరో పద్ధతిని ప్రయత్నించాయి. బాత్ విశ్వవిద్యాలయానికి చెందిన షాన్ కమింగ్ వంటి పరిశోధకులు అందులో పాలుపంచుకున్నారు. పెద్దయ్యాక చేరబోయే ఎత్తులో ఇప్పటికి ఎంత శాతం చేరారో అంచనా వేసి, ఆ ప్రకారం గుంపులు కట్టి కొన్ని పోటీలు ఆడించారు. ముందుగా ఎదిగినవాళ్లు బలం పనిచేయక నైపుణ్యం మీద ఆధారపడాల్సి వచ్చింది. ఆలస్యంగా ఎదుగుతున్నవాళ్లకు మొదటిసారి బంతి కాస్త ఎక్కువసేపు కాళ్ల దగ్గర నిలిచింది.

ఆ అంచనాకు ఎక్స్-రే కూడా అక్కర్లేదు. నిలుచున్న ఎత్తు, కూర్చున్న ఎత్తు, బరువు, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల ఎత్తు ఉంటే సుమారుగా చెప్పే సూత్రాలు ఇరవై ముప్పై ఏళ్లుగా అందుబాటులో ఉన్నాయి. వాటిలోనూ ఏడాది దాకా పొరపాటు ఉండొచ్చు, కాబట్టి ఒక్కసారి కొలిచి ఊరుకోకూడదు. ప్రతి బడిలో పీఈటీ దగ్గర గోడకు కట్టిన టేపు, ఒక బల్ల, రెండు వందల పేజీల నోటుబుక్కు ఉంటే చాలు. మూడు నెలలకోసారి, వీలైతే ఒకే వేళకు, బూట్లు విప్పించి కొలిచి రాయాలి. ఉదయం కంటే సాయంత్రం ఎత్తు ఒక సెంటీమీటరు దాకా తగ్గుతుంది. పక్కనే ఇంకో గడి గీసి, ఆ మూడు నెలల్లో ఆ పిల్లాడు మ్యాచ్‌లలో ఎన్ని నిమిషాలు ఆడాడో, ఏ స్థానంలో ఆడాడో రాయాలి. సెలక్షన్ కమిటీ ముందుకు పిల్లాడితో పాటు ఆ నోటుబుక్కు కూడా వెళ్లాలి. అందులో కనీసం నాలుగు తేదీలు లేని పిల్లలకు ‘వద్దు’ అని కాక, ‘వచ్చే ఏడాది మళ్లీ రండి’ అని రాసిచ్చే నియమం పెట్టాలి.