ఆ నక్షత్రాల వార్త తర్వాత ఏమైంది?

సంపాదకులకు,

మీ ఆదివారం సంచికలో సైన్సు పేజీని నేను వదలకుండా చదువుతాను. 2022లో జేమ్స్ వెబ్ టెలిస్కోపు ఫొటోలు పంపడం మొదలుపెట్టాక ఆ పేజీకి కొత్త కళ వచ్చింది. అందుకు అభినందనలు. ఫిర్యాదు కూడా ఒకటుంది, అది ఒక్క మీ పత్రిక మీదే కాదు. అత్యంత దూరపు గెలాక్సీ దొరికిందనీ, తొలి నక్షత్రాల జాడ చిక్కిందనీ, బిగ్ బ్యాంగ్ సిద్ధాంతానికి కాలం చెల్లిందనీ పెద్ద అక్షరాల్లో వేస్తారు. ఆరు నెలలకో, నాలుగేళ్ళకో ఆ మాట నిలిచిందా వీగిపోయిందా అన్నది మాత్రం ఏ మూలా కనిపించదు. అరెస్టు వార్త మొదటి పేజీలో వేసి, కేసు కొట్టేసిన సంగతి వేయకపోతే మీ మీద పరువునష్టం దావా పడొచ్చు. గెలాక్సీలు కోర్టుకెక్కవు కాబట్టి ఇది సాగిపోతోంది.

ముందు చిన్న ఉదాహరణ చెబుతాను. 2022 జూలైలో ఎడిన్‌బరో పరిశోధకులు వెబ్ ఫొటోల్లో ఒక గెలాక్సీని పట్టుకున్నారు. బిగ్ బ్యాంగ్ జరిగిన సుమారు 23.5 కోట్ల ఏళ్ళకే అది వెలుగుతోందని అంచనా. అంత పాతది అప్పటిదాకా ఎవరూ చూడలేదు. అంచనా అని ఎందుకంటున్నానంటే, అప్పటికి చేతిలో ఉన్నవి వేర్వేరు ఫిల్టర్లలో తీసిన ఫొటోలే. ఏ ఫిల్టర్లో ఎంత వెలుగుందో చూసి దూరం లెక్కగట్టారు; ఎంత దూరమైతే అంత పాత వెలుగు. మరుసటి ఏడాది అదే వెబ్‌తో ఆ వెలుగును స్పెక్ట్రమ్‌గా విడదీసి చూశారు. తేలిందేమిటంటే అది బిగ్ బ్యాంగ్ తర్వాత దాదాపు 120 కోట్ల ఏళ్ళ నాటిది. అందులోని వేడి వాయువులో ఆక్సిజన్, హైడ్రోజన్ వెలువరించిన గాఢమైన కాంతి రేఖలు సరిగ్గా ఆ ఫిల్టర్లలో పడి, దూరపు గెలాక్సీ రంగులా భ్రమింపజేశాయి. అదే పరీక్షలో ‘మైసీ గెలాక్సీ’ అనే మరొకటి నెగ్గింది. దాన్ని కనిపెట్టిన బృందం నాయకుడు తన కూతురి పేరు పెట్టాడు. అది నిజంగానే 39 కోట్ల ఏళ్ళ నాటిదని ఖాయమైంది. ఒకే పరీక్ష, ఒకటి పాసు, ఒకటి ఫెయిలు. ఇంతకన్నా మంచి సైన్సు కథ ఏముంటుంది? 2023 ఆగస్టులో నేచర్ పత్రిక దీన్ని ప్రచురించింది. నేను చదివే తెలుగు పత్రికల్లో మాత్రం ఎక్కడా కనబడలేదు.

దీన్ని వదిలేసినా సరిపెట్టుకునేవాణ్ణి. నేను కలం పట్టడానికి అసలు కారణం వేరే ఉంది. అది మా జిల్లాకు సంబంధించినది.

నేను ఆకాశవాణిలో ఇంజనీరింగ్ విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. కాబట్టి మెగాహెర్ట్జ్‌ల మాట కొంచెం ఎక్కువగా వస్తుంది, ఓపిక పట్టాలి. హైడ్రోజన్ పరమాణువుకు 1420 మెగాహెర్ట్జ్ దగ్గర సొంత రేడియో సంతకం ఉంది. విశ్వం వ్యాకోచిస్తున్నకొద్దీ పాత తరంగాలు సాగుతాయి. తొలి నక్షత్రాలు పుట్టిన కాలం నాటి తరంగం ఇప్పటికి పద్దెనిమిది రెట్లు సాగితే 78 మెగాహెర్ట్జ్ దగ్గర తేలుతుంది. అంటే మన ఎఫ్ఎం స్టేషన్లు మొదలయ్యే చోటుకు కాస్త కిందన్నమాట. ఆ నక్షత్రాల అతినీలలోహిత కాంతి సోకిన హైడ్రోజన్, విశ్వమంతా పరుచుకున్న రేడియో నేపథ్యంలోంచి కొంత శక్తిని పీల్చుకుంటుంది. పీల్చుకున్న మేరకు స్పెక్ట్రమ్‌లో ఒక గుంట పడాలి. ఆ గుంట ఎక్కడ పడింది, ఎంత లోతు అన్నది తెలిస్తే మొదటి నక్షత్రాలు ఎప్పుడు వెలిగాయో తెలుస్తుంది. ఏ టెలిస్కోపూ ఆ నక్షత్రాలను ఒక్కొక్కటిగా చూపించలేదు. వాటి ఉమ్మడి ఆనవాలు ఇది.

2018లో పశ్చిమ ఆస్ట్రేలియా ఎడారిలో పెట్టిన ఎడ్జెస్ అనే చిన్న యాంటెన్నాకు ఆ గుంట చిక్కిందని అమెరికన్ బృందం ప్రకటించింది. 78 మెగాహెర్ట్జ్ దగ్గర, అర కెల్విన్ లోతు (రేడియో వెలుగును ఉష్ణోగ్రతగా కొలుస్తారు). బిగ్ బ్యాంగ్ తర్వాత 18 కోట్ల ఏళ్ళకే నక్షత్రాలున్నాయని అర్థం. కానీ లోతు మరీ ఎక్కువ, సిద్ధాంతం ఒప్పుకునే గరిష్ఠానికి రెట్టింపు పైన. దాన్ని సమర్థించడానికి కృష్ణపదార్థం హైడ్రోజన్‌ను చల్లబరిచిందని ఒకరు, మరేదో జరిగిందని ఇంకొకరు, వందల కొద్దీ పత్రాలు రాశారు. ఆ ఏడాది మార్చిలో ఇది ప్రపంచమంతటా వార్త. మన దగ్గరా వచ్చింది.

ఆ తర్వాతి కథ మనవాళ్ళది. బెంగళూరులోని రామన్ పరిశోధనా సంస్థ ఇదే సంకేతం కోసం ‘సారస్’ అనే పరికరాన్ని ఏళ్ళ తరబడి దిద్దుకుంటూ వచ్చింది. దాని రెండో రూపాన్ని 2017 ఏప్రిల్ నుంచి జూన్ వరకు మా వైపు చెన్నేకొత్తపల్లి దగ్గరున్న టింబక్టు కలెక్టివ్‌లో పెట్టారు. బీడునేలను మళ్ళీ అడవిగా మార్చిన చోటుగా, చిరుధాన్యాల చోటుగా చాలామందికి ఆ పేరు తెలుసు. 63 గంటల డేటా తీశారు. తొలి నక్షత్రాల కాలం గురించి సిద్ధాంతకారులు వేసిన 264 నమూనాలను దానితో సరిపోల్చితే 20 కుదరవని తేలింది. అందులో పదిహేనింటిని అనుమానానికి తావులేనంత గట్టిగా తోసిపుచ్చారు. కొట్టేసిన నమూనాలన్నిటిలోనూ ఒకటే పోలిక: ఎక్స్‌రేలు తొలి వాయువును సరిగా వేడిచేయలేదు, కానీ ఆ తర్వాత అయనీకరణం మాత్రం చకచకా జరిగిపోయింది అనే ఊహ. విశ్వం బాల్యం గురించి ఒక తప్పు ఊహను అనంతపురం నేల మీద నిలబడి తొలగించారన్నమాట. ఇక్కడి పాఠకుడికి ఈ సంగతి ఎవరు చెప్పాలి?

అక్కడితో ఆగలేదు. మూడో రూపాన్ని 2020 మొదట్లో కర్ణాటకలో దండిగానహళ్ళి చెరువులో, శరావతి వెనుక జలాల్లో తెప్ప మీద తేలేలా అమర్చారు. నీళ్ళలో ఎందుకంటే, యాంటెన్నా ఆకాశాన్ని మాత్రమే వినదు, కాళ్ళ కింద నేలనూ వింటుంది. మీడియం వేవ్ టవరు కింద రాగి తీగలతో ఎర్త్ మ్యాట్ పరిచినవాళ్ళకు ఈ బాధ బాగా తెలుసు. మట్టి పొరపొరకూ తడి వేరు, రాయి వేరు. ఆ పొరల నుంచి వెనక్కొచ్చే రేడియో రొద స్పెక్ట్రమ్‌లో ఎత్తుపల్లాలు పుట్టిస్తుంది. వెతికేది అర కెల్విన్ గుంట, దాని మీద పాలపుంత పోసే రొద వెయ్యి కెల్విన్లకు పైనే. అలాంటప్పుడు నేల చేసిన చిన్న అల్లరి కూడా నక్షత్రాల సంకేతంలా కనబడొచ్చు. చెరువు నీరైతే కిందిదాకా ఒకే తీరుగా ఉంటుంది, దాని ప్రభావాన్ని ముందే లెక్కగట్టవచ్చు. ఎంత సింపుల్ ఆలోచనో చూడండి. తెప్ప మీద ఆ యాంటెన్నాతో 55 నుంచి 85 మెగాహెర్ట్జ్ దాకా కొలిస్తే ఎడ్జెస్ చెప్పిన గుంట కనబడలేదు. 95.3 శాతం నమ్మకంతో దాన్ని తిరస్కరిస్తున్నామని 2022 ఫిబ్రవరిలో నేచర్ ఆస్ట్రానమీలో రాశారు.

95.3 శాతం అంటే తుది తీర్పు కాదు. భౌతికశాస్త్రంలో గట్టి రుజువు అనడానికి ఇంకా చాలా కావాలి. కేంబ్రిడ్జికి చెందిన రిచర్డ్ హిల్స్ తదితరులు 2018లోనే ఎడ్జెస్ విశ్లేషణను తప్పుబట్టారు. కాబట్టి సారస్ మాట ఒంటరిది కాదు, అలాగని కథ ముగిసిందనీ అనలేం. నేను అడుగుతున్నది ‘భారత శాస్త్రవేత్తలు అమెరికా వాదనను చిత్తు చేశారు’ అని వేయమని కాదు, దయచేసి అలా వేయకండి. ఆ 95.3ను కూడా పాఠకుడికి చెప్పండి, తూకం అతనే వేసుకుంటాడు.

ఇలాంటివి వేస్తే ‘సైంటిస్టులు రోజుకో మాట మారుస్తారు’ అని జనం చులకన చేస్తారని ఒక మిత్రుడు, ఆయనా విలేకరే, నాతో వాదించాడు. నాకు సరిగ్గా ఉల్టా అనిపిస్తుంది. చులకన ఇప్పుడే ఉంది. ఈ నెల ఒక శీర్షిక, ఏడాదికి దానికి పూర్తి విరుద్ధంగా ఇంకొకటి, మధ్యలో ఎవరు ఏం పరీక్షించారో ఒక్క ముక్క ఉండదు. అలా చదివినవాడికి శాస్త్రమంటే పూటకో మాటలా కాక ఇంకెలా కనబడుతుంది? 2023 ఫిబ్రవరిలో వెబ్ చూపిన ఆరు భారీ గెలాక్సీల సంగతే తీసుకోండి. అంత చిన్న వయసు విశ్వంలో అంత బరువైనవి ఉండడానికి వీల్లేదు, సిద్ధాంతం కూలింది అన్నారు. వాటిలో ఒకటి అనుకున్నంత దూరంలో లేదనీ, అందులో వెలుగుతున్నది ఆకలిగొన్న బ్లాక్ హోల్ అనీ అదే ఏడాది స్పెక్ట్రమ్ చెప్పింది. 2024లో టెక్సాస్ బృందం అలాంటి బ్లాక్ హోల్ వెలుగు కలిసినవాటిని పక్కనపెట్టి లెక్కిస్తే సిద్ధాంతానికి వచ్చిన ముప్పేమీ లేదని తేలింది. అయినా భారీ గెలాక్సీలు అనుకున్నదానికి దాదాపు రెట్టింపు మిగిలాయి. అసలు చిక్కుముడి ఆ మిగిలినదే. తొలినాళ్ళలో వాయువు ఇప్పటికన్నా చురుగ్గా నక్షత్రాలుగా మారిందా అన్న ప్రశ్న అక్కడే పుడుతుంది. మొదటి శీర్షిక దగ్గరే ఆగిపోయినవాడికి ఆ ప్రశ్న ఉందనే తెలియదు.

మా ఊళ్ళో గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలు మీ పేజీలు కత్తిరించి ఫైల్లో పెట్టుకుంటారు. అత్యంత దూరపు గెలాక్సీ ఏది అన్న బిట్టుకు 2024లో జేడ్స్ అనే వెబ్ సర్వేలో దొరికినదాన్ని రాసుకున్నారు, బిగ్ బ్యాంగ్ తర్వాత 29 కోట్ల ఏళ్ళ నాటిదని. 2025లో దాన్ని కొట్టేసి మామ్-జెడ్14, 28 కోట్ల ఏళ్ళు అని రాసుకున్నారు. ఆ రెండింటికీ స్పెక్ట్రమ్ ఉంది, జేడ్స్ గెలాక్సీలో ఆక్సిజన్‌ను చిలీలోని ఆల్మా రేడియో టెలిస్కోపు విడిగా పట్టుకుంది కూడా. 2022 నాటి ఎడిన్‌బరో గెలాక్సీకి ఆ బలం లేదు. ఫొటో అంచనాకూ స్పెక్ట్రమ్ కొలతకూ ఉన్న ఈ తేడా వార్తలో ఒక్క వాక్యం పడుతుంది. ఆ వాక్యం లేక మూడూ ఒకే ఫైల్లో ఒకే విలువతో కూర్చుంటాయి.

నేను కోరేది పెద్ద పనేం కాదు. దూరపు గెలాక్సీ వార్త వేసినప్పుడు అది ఫొటో అంచనాయా, స్పెక్ట్రమ్ కొలతా అన్నది తప్పకుండా రాయించండి. నెలకోసారి సైన్సు పేజీ కింద ఒక చిన్న బాక్సు కట్టి, మీరే గతంలో వేసిన ఒక వార్త ఇప్పుడు ఏ స్థితిలో ఉందో చెప్పండి. జ్యోతిషం కాలమ్‌లో సగం చోటు చాలు. (ఆ కాలమ్‌లో చెప్పిన ఫలితాలు నిజమయ్యాయా అని ఎవరూ అడగరు, అది వేరే సంగతి.) మొదటి బాక్సుకు టింబక్టు, చెరువులో తెప్ప సిద్ధంగా ఉన్నాయి. ఫొటో కావాలంటే రామన్ సంస్థను అడిగితే కాదనరనుకుంటాను.

ఆ తర్వాత కూడా బాక్సుకు కొదవుండదు. దక్షిణాఫ్రికా కరూ ఎడారిలో కేంబ్రిడ్జి వాళ్ళ ఆధ్వర్యంలో రీచ్ అనే మరో యాంటెన్నా ఇదే గుంట కోసం పెట్టారు. రామన్ సంస్థ వాళ్ళు భూమ్మీది ఎఫ్ఎం రొద అందకుండా చంద్రుడి కక్ష్యలో తిరిగే ‘ప్రతుష్’ అనే పరికరాన్ని ప్రతిపాదించారు. వాటి ఫలితం ఎడ్జెస్‌ను నిలబెట్టినా సరే, సారస్‌ను నిలబెట్టినా సరే, 2018లో ఎడ్జెస్‌కు ఇచ్చినంత చోటే ఇవ్వండి.

ఇట్లు,
ఆకాశవాణి రిటైర్డ్ ఇంజనీరింగ్ ఉద్యోగి,
ధర్మవరం