తెరముందు ముచ్చట్లు: నర్సమ్మే పేషెంటయిన వేళ

సినిమాలో నర్సంటే మీకేం గుర్తొస్తుంది చెప్పండి? తెల్లచీర, నెత్తిన టోపీ, చేతిలో ట్రే. అంతేనా? ఆపరేషన్ థియేటర్ తలుపు తెరుచుకోగానే డాక్టరుగారు కళ్లద్దాలు తీసి డైలాగు కొడతారు. నర్సమ్మ వెనకాల నిలబడి ఉంటుంది. లేదంటే కమెడియన్ నాడి చూపించే వంకతో చెయ్యి చాపుతాడు, నేల టికెట్టు నుంచి ఈలలు! ఆవిడ పాత్ర అక్కడితో సరి.

కానీ మన తెలుగువాళ్లకు ఒక గొప్ప నర్సు పాత్ర ఉంది. 1960లో గుత్తా రామినీడు దర్శకత్వంలో వచ్చిన 'చివరకు మిగిలేది'లో సావిత్రి వేసిన పాత్ర అది. 1959లో సుచిత్రాసేన్ నటించిన బెంగాలీ చిత్రం 'దీప్ జ్వేలే జాయ్' దానికి మూలం. అదే కథ 1969లో వహీదా రెహమాన్‌తో హిందీలో 'ఖామోషీ' అయింది. మనసు చెదిరిన రోగికి ప్రేమ నటించి నయం చేసే నర్సు, చివరికి తనే రోగిగా మిగిలిపోతుంది. అందరికీ సేవ చేసిన మనిషి మంచమెక్కితే ఆవిణ్ణి చూసేదెవరు? ఆ సినిమా మనల్ని అడిగిన ప్రశ్న అదే.

ఈ వారం ఆ పాత కథ ఎందుకు తవ్వానంటే, ఆ ప్రశ్న ఇప్పుడు ఇంకో రూపంలో వచ్చింది. బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకునే వాళ్లలో నర్సులూ ఉన్నారు. "అదేమిటండీ, నర్సుకు ఒళ్లు అదుపులో పెట్టుకోవడం తెలీదా?" అని మీరు అనకముందే నేను చెప్పేది కాస్త వినండి.

మా ఖాజీపేట బస్టాండులో సాయంత్రంపూట నిలబడితే కడపకు నైట్ డ్యూటీకి పోయే నర్సమ్మలు కనపడతారు. మనం సెకండ్ షోకి బయల్దేరే వేళకు వాళ్లు వార్డులో చార్టులు తిరగేస్తుంటారు. అర్ధరాత్రి ఆకలికి దొరికేది టీ, బిస్కెట్టు, చల్లారిపోయిన బజ్జీ. పొద్దున ఇంటికొస్తే నిద్ర ఉండదు, ఇంటిపని ఉంటుంది. ఇట్లా ఏళ్ల తరబడి చేస్తే ఒళ్లు ఊరుకుంటుందా?

ఈ మాట నా ఊహ కాదు. అమెరికాలో హార్వర్డ్ పరిశోధకులు 1976లో లక్షా ఇరవైవేల మందికి పైగా నర్సులతో ఒక అధ్యయనం మొదలుపెట్టారు. రెండేళ్లకోసారి ప్రశ్నలు పంపించి, వాళ్ల బరువూ, తిండీ, జబ్బులూ రాసుకున్నారు. బరువు పెరిగితే ఆడవాళ్లకు షుగరు, గుండెజబ్బు ఎంత పెరుగుతాయో లోకానికి చాలావరకు తెలిసింది ఆ నర్సులవల్లే! ఏళ్ల తరబడి మారుమారు నైట్ డ్యూటీలు చేసినవాళ్లకు షుగరు ముప్పు ఎక్కువని 2011లో తేలిందీ వాళ్ల లెక్కల్లోనే. ఇతరుల ఆరోగ్యానికి దారి చూపింది కూడా నర్సమ్మల ఒళ్లేనన్నమాట.

సరే, ఆ ఆపరేషన్ సంగతేమిటి? ఎక్కువగా చేసేవి రెండు రకాలు. స్లీవ్ అనే దానిలో పొట్ట సంచిలో ముప్పాతిక భాగం పైగా కోసి తీసేస్తారు. అరటిపండంత గొట్టం మిగులుతుంది. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యే భాగం దాంతోపాటే పోతుంది. కోసిన దాన్ని మళ్లీ పెట్టడం కుదరదు. రెండోది బైపాస్. పొట్ట పైభాగంలో చిన్న సంచి మాత్రం ఉంచి, దాన్ని పేగుకు కలుపుతారు. ఏడాది, రెండేళ్లలో ఒంటి బరువులో పావువంతు దాకా తగ్గడం మామూలే. చాలామందికి షుగరు కూడా అదుపులోకి వస్తుంది. ఇది సోకు కోసం చేసే ఆపరేషన్ కాదు, జబ్బుకు చేసే వైద్యం.

ఇక నర్సమ్మ కష్టం చూడండి. మామూలు పేషెంటుకు తెలియని భయాలన్నీ ఆవిడకు తెలుసు. ఆపరేషనయ్యాక నాడి గబగబా కొట్టుకుంటే లోపల కుట్టు దగ్గర లీకేమోనని అనుమానించాలని ఆవిడ చదువుకుంది. అందుకే మానిటర్ 'టిక్ టిక్' అన్నప్పుడల్లా తన గుండె తనే లెక్కపెట్టుకుంటుంది! కాళ్లలో రక్తం గడ్డకట్టకూడదని ఎందరినో లేపి నడిపించిన చెయ్యి, ఇప్పుడు ఇంకో సిస్టర్ భుజం పట్టుకుని నడవాలి. తోటివాళ్ల ముందు గౌను కట్టుకోవాలి. తన బరువు చార్టు మీద అందరికీ కనబడాలి.

డ్యూటీకి తిరిగొచ్చాక అసలు పరీక్ష మొదలు. ఇన్నాళ్లూ బెల్లు మోగేలోగా అయిదు నిమిషాల్లో నాలుగు ముద్దలు మింగిన మనిషి. ఇప్పుడేమో ఒక్కో ముద్దా మెత్తగా నమిలి, నిదానంగా తినాలి. తొందరపడితే వాంతే. తిండితోపాటు నీళ్లు తాగకూడదు, అలాగని నీళ్లు మానకూడదు, మధ్యమధ్యలో గుక్కెడు గుక్కెడు తాగుతుండాలి. కొన్ని వారాలు బరువులెత్తకూడదు. మరి మంచం మీది రోగిని పక్కకు తిప్పేదెవరు? విటమిన్ మాత్రలు, రక్తపరీక్షలు జీవితాంతం తప్పవు. అజాగ్రత్తగా ఉంటే కొన్నేళ్లకు బరువు మళ్లీ వస్తుంది కూడా. "కోయించుకుంటే తేలికగా తగ్గిపోయింది" అనేవాళ్లు ఇదంతా ఒక్క వారం చేసి చూపించమనండి!

ఇంకో పొరపాటు మాట సరిచేయాలి. లైపోసక్షన్ వేరు, ఇది వేరు. అక్కడ చర్మం కింద కొవ్వును గొట్టంతో పీలుస్తారు. అది ఒంటి తీరు మార్చడానికేగాని బరువు జబ్బుకు మందు కాదు. 'నువ్వు నాకు నచ్చావ్'తో 2001లో మన మనసు దోచిన ఆర్తీ అగర్వాల్ 2015 జూన్ 6న అమెరికాలో కన్నుమూసింది. అప్పటికి వయసు 31. కొన్ని వారాల ముందు ఆమె లైపోసక్షన్ చేయించుకుందని పత్రికలన్నీ రాశాయి. చావుకు అదే కారణమని నేను తీర్పు చెప్పను. కానీ ఆ పిల్ల లావెక్కిందని మనం ఎన్నెన్ని మాటలన్నామో ఒకసారి గుర్తు చేసుకుందామా? అదే ఏడాది అనుష్క ఒళ్లు పెంచి 'సైజ్ జీరో' చేస్తే, అయ్యో అంత అందమైన అమ్మాయి ఇట్లా అయిందేమని దిగులుపడ్డాం. 'చివరకు మిగిలేది'లో అంత గొప్పగా చేసిన సావిత్రి ఒళ్లు చేసినప్పుడు జనం ఏమన్నారో ఇంట్లో పెద్దవాళ్లనడగండి, చెబుతారు.

తారను అన్న మాటే ఊళ్లో నర్సమ్మకూ తగులుతుంది. "ఏం నర్సమ్మా, నువ్వే ఇంత లావుంటే మాకేం చెప్తావ్?" అని ఇంజక్షన్ వేయించుకుంటూనే ఎగతాళి! ఆవిడ నవ్వి ఊరుకుంటుంది. ఆపరేషన్ చేయించుకుందామనుకున్నా, ఆ మాటకు భయపడి ఎవరికీ చెప్పకుండా సెలవు పెట్టేస్తుంది. సాయం అడగడం మాని దాచుకున్న మనిషికి, ఇంటికొచ్చాక ఒళ్లు తేడా చేసినా చెప్పుకునే దిక్కుండదు. అసలు ప్రమాదం అక్కడుంది.

అన్నట్టు, మన కడప జిల్లాలో పుట్టిన బి. నాగిరెడ్డిగారు మద్రాసు వడపళనిలో విజయా వాహినీ స్టూడియోతో ఆగలేదు. 1972లో విజయా హాస్పిటల్ కూడా కట్టారు. నవ్వించడానికి ఒక చోటు, నొప్పి తీర్చడానికి ఒక చోటు అక్కడే ఉన్నాయి. నవ్వు ఎక్కడ నవ్వాలో మనకూ తెలిస్తే బాగుంటుంది, ఏమంటారు?

మీ ఇంట్లోనో, వీధిలోనో నర్సు అక్కయ్య ఉంటే, ఆపరేషన్ మాట ఎత్తినప్పుడు "ఎందుకక్కా?" అనకండి. "ఆస్పత్రిలో తోడెవరున్నారక్కా? నేను రానా?" అనండి. ఫస్ట్ డే మార్నింగ్ షోకి లైన్లో రెండు గంటలు నిలబడే ఓపిక మీకుంది. అందులో ఒక గంట ఆవిడ మంచం పక్కన కూర్చోడానికి పెట్టండి, చాలు.

ఉంటాను మరి. వచ్చే వారం ఇంకో ముచ్చటతో కలుద్దాం!