పెంపుడు కుక్కకు రెండవ వైద్యుని సలహా

గోదావరీ తీరమునందలి యొక పట్టణమునుండి ఒక సోదరి మాకు జాబు వ్రాసిరి. వారి యింట ఆఱేండ్ల ఆడకుక్క కలదు. కాకర్ స్పానియల్ జాతిది. పది దినముల క్రిందట అది కూడు మానినదట. మెట్లెక్కలేక నడుమ నిలిచిపోవుచున్నదట. మూత్రము కాఫీ కషాయపు రంగున వచ్చినదట. వైద్యులు నెత్తురు పరీక్షించి, దీని దేహము తన రక్తమును తానే నశింపజేసికొనుచున్నదని చెప్పి ప్రెడ్నిసొలోన్ మాత్రలు మొదలిడిరి. అయిదు దినములైనను గుణము కానరాలేదు. సోదరి ప్రశ్న వ్యాధినిగుఱించి కాదు. "ఆ డాక్టరుగారు మా మామగారి నాటినుండి మా పశువులను చూచుచున్నవారు. మఱియొకరి యొద్దకు పోయిన నొచ్చుకొందురని మావారు సంశయించుచున్నారు. కుక్కకొఱకు మనిషిని నొప్పించుట తగునా?" అని వారడిగిరి.

ఇందు నొప్పించుట యనునదే లేదని మా యభిప్రాయము. ఈ వ్యాధికి పేరు పెట్టుట తేలిక గాదు; తక్కిన కారణములన్నియు లేవని తేల్చిన పిమ్మటనే పెట్టవలసిన పేరిది. ఆ తేల్చుట ఒక్కరివలన, ఒక్క దినమున కాకపోవుట వింతయు గాదు, లోపమును గాదు.

రక్తములోని ఎఱ్ఱకణములు ప్రాణవాయువును మోయునని మన మెఱుగుదుము. దేహరక్షణకై యుండు శక్తియే పొరబడి, ఆ కణములను పరాయివిగా నెంచి చంపుచున్నయెడల చిగుళ్లు తెల్లబాఱును. కన్నుల తెలుపు పసుపు వన్నె కెక్కును. ఆరోగ్యముగల కుక్క నెత్తురులో నూటికి సుమారు 37 మొదలు 55 వంతులవఱకు ఎఱ్ఱకణములుండును. ఈ లెక్కకే పి.సి.వి. అని పేరు. సోదరి పంపిన కాగితములలో మొదట 24, మూడు నాళ్లకు 17 అని యున్నది. ఇది ఊరక చూచుచు కూర్చుండదగిన లెక్క కాదు.

కారణ మేమి? కాకర్ జాతి కుక్కలలో దేహము తనంతట తానే యిట్లు పొరబడుట తఱచు. కాని మనది గోమారుల దేశము. కొన్ని సీమలలో వీనినే పిడుదులందురు. గోమారి కాటువలన బబీసియా యను సూక్ష్మజీవి ఎఱ్ఱకణములలో జొచ్చి వానిని పగులగొట్టును. అంతటితో పోక, దేహమునే ఆ కణములపైకి పురికొల్పును. అప్పుడు కూంబ్స్ పరీక్షయు 'అవును' అనియే చెప్పవచ్చును. కనుక ఆ యొక్క మాటతో కారణము తేలినట్లు కాదు. (ఆర్.హెచ్. నెగటివ్ రక్తముగల గర్భిణులకు చేయించునదియు ఈ కూంబ్స్ పరీక్షలలోనిదే. 1945లో దానిని ప్రకటించిన మువ్వురిలో నొకడైన రాబిన్ కూంబ్స్ చదివినది పశువైద్యమే. మన తల్లులు ఒక పశువైద్యునికి ఋణపడియున్నారన్నమాట.)

ప్రెడ్నిసొలోన్ దేహరక్షణ శక్తిని అణచును. లోపల సూక్ష్మజీవియున్నచో దానికి వేఱు మందు కావలెను. బబీసియాలోనే రెండు తెగలకు రెండు విధములైన మందులున్నవి. గాజుపలకపై పూసిన నెత్తురులో ఆ జీవి ఒక్కొక్కమాఱు కంటబడదు, పి.సి.ఆర్. పరీక్ష అంతకంటె నమ్మదగినది. రెండవ వైద్యుని మొదట అడుగవలసిన దిదియే: "గోమారి జ్వరము లేదని ఏ పరీక్షవలన తేలినది?" సోదరి కుక్కకు క్రిందటి నెలలో చెవులనిండ గోమారు లుండెనట. ఈ సంగతి వారు మొదటి వైద్యునితో చెప్పినట్లు జాబులో లేదు.

మొదటివారి పక్షమునను ఒక మాట చెప్పవలెను. ఎముకల మూలుగ క్రొత్త కణములను చేసి పంపుటకు మూడు నాళ్లు మొదలు అయిదు నాళ్లు పట్టును. మాత్ర గుణమిచ్చుటకు వారము పట్టుటయు కలదు. రెండవవారు చూచి, ఈ చికిత్సయే సరియనవచ్చును. ఆ మాట వినుటకై పెట్టిన వ్యయమును వృథా యనరాదు.

అడుగుటకు దాపరిక మక్కఱలేదు. "అయ్యా, మీ చికిత్స నడుచుచుండగనే మఱియొకరి యభిప్రాయము గూడ వినగోరుచున్నాము; ఎవరి యొద్దకు పోవుట మంచిదో మీరే చెప్పుడు" అన్న చాలును. తేదీలతో పరీక్షల కాగితములు, మందుల పేర్లు, మోతాదులు, కుక్క బరువు వ్రాసి యిమ్మని కోరవలెను. రాజేంద్రనగరము, గన్నవరము, తిరుపతి పశువైద్య కళాశాలలలో వైద్యశాలలున్నవి. అయితే చిగుళ్లు కాగితమువలె తెల్లబడి, కుక్క రొప్పుచున్నయెడల ప్రయాణమే ప్రమాదము. అప్పుడు కాగితములను ముందు పంపి వైద్యులిద్దఱును ఫోనులో మాటలాడుకొనునట్లు చేయుట మేలు; దగ్గఱనే రక్త మెక్కింపవలసి రావచ్చును. పరీక్షకు కావలసిన నెత్తురును రక్త మెక్కించుటకు ముందే తీయింపవలెను.

ఈ వ్యాధిలో రక్తము నాళములలో గడ్డకట్టి ప్రాణము తీయుట కలదు; దానికేమి మందిచ్చుచున్నారని అడుగుట మఱువరాదు. వైద్యుడు మాఱినంతమాత్రమున మాత్రలను తటాలున మానుట మహాప్రమాదము.

వంటయింటి సంగతి యొకటి. నీరుల్లి, వెల్లుల్లి కుక్క నెత్తురును వేఱు విధముగ చెఱచును. ఉల్లి వేసిన కూర కలిపిన యన్నము పెట్టియున్నచో, అత్తగారు పెట్టినను, పిల్లలు పెట్టినను, దాపక వైద్యునితో చెప్పవలెను.

గుణము కనిపించిన పిమ్మటను మాత్రలను నాలుగాఱు నెలలమీద కొంచెము కొంచెముగా తగ్గింతురు. నడుమ నడుమ నెత్తురు పరీక్ష యుండును. ఆ దినములలో కుక్కకు దాహమును ఆకలియు మిక్కుటము. రాత్రి రెండు మాఱులైనను తలుపు తీయవలసి యుండును. గదులు తడియుచున్నవని నీటి గిన్నెను దాచకూడదు.