రిబ్బను కత్తిరించే ముందు స్విచ్చి వేసి చూడాలి

రాజమహేంద్రవరంలోని కందుకూరి వీరేశలింగం పంతులుగారి ఇల్లు వంటివి మనందరి ఆస్తి. ఇటువంటి పాత ఇళ్లకు మరమ్మతులు చేసినప్పుడు గోడల సున్నం, తలుపుల రంగు అందరికీ కనిపిస్తాయి. లోపలి వైర్లు, ఎర్తు, నీటి పంపు, పొగను పసిగట్టే గంట ఎవరికీ పట్టవు. ప్రమాదమంతా అక్కడే ఉన్నది.

2018 సెప్టెంబరు 2వ తేదీ రాత్రి బ్రెజిల్ దేశంలోని రియో నగరంలో, పాత రాజభవనంలో ఉన్న జాతీయ మ్యూజియం తగలబడిపోయింది. ఏ.సి. యంత్రం వద్ద నిప్పు పుట్టిందని దర్యాప్తులో తేలింది. దగ్గరి కుళాయిలలో నీరు అందక ఫైరింజన్లవారు చెరువు నీళ్లు తెచ్చుకోవలసి వచ్చింది. 1818 నుండి కూడబెట్టిన సంపదలో అధికభాగం బూడిదైంది.

పొలంలో మోటారు బిగించిన మెకానిక్కును, కాలువలో నీళ్లు పడేదాకా మనం కదలనీయం. ఆ జాగ్రత్తే ఇక్కడా కావాలి. ప్రారంభోత్సవానికి ముందే దీపాలు, ఫ్యాన్లు అన్నీ ఒకేసారి వేసి గంటల తరబడి చూడాలి. ఎర్తు కొలవాలి. పొగ పెట్టి గంట మోగుతుందో లేదో చూడాలి. కరెంటు తీసేసి పంపును పరీక్షించాలి. పాత గోడలు చెమ్మ పీలుస్తాయి గనుక ఒక వానాకాలం గడిచాక మళ్లీ పరీక్ష జరపాలి. కాపలాదారుకు అన్నీ నేర్పాలి. అటుతర్వాతే కాంట్రాక్టరుకు చివరి బిల్లు చెల్లించాలి.

ప్రారంభోత్సవం నెల రోజులు ఆలస్యమైతే నష్టం లేదు. కాలిపోయిన పంతులుగారి ఇంటిని మళ్లీ ఎవరూ కట్టలేరు. అధికారులు ఆలోచించాలి.