బొమ్మ తయారీ పిల్లల కళ్లెదుట జరగాలి



ఎండాకాలంలో ఆరుబయట హస్తకళల సంత వృథా ప్రయాస అని గత సంచిక లేఖలో వెలిబుచ్చిన అభిప్రాయం నూజివీడుకు వర్తించదు. రసాలు, బంగినపల్లి కోతలు సాగే మే నెలలోనే బడులకు సెలవులు కావడంతో, ఎండ చల్లబడ్డాక మామిడితోటల్లో సంత నడిపితే కుటుంబాలు పిల్లాపాపలతో రాగలవు. పూర్వపు కృష్ణా జిల్లాలోనిదే అయిన కొండపల్లి నుంచి వచ్చే బొమ్మల కళాకారులు, తెల్లపొణికి అనే తేలికైన కర్రతో విడివిడిగా చెక్కిన ఏనుగు తొండాన్నీ చెవులనూ, చింతగింజల పిండిలో రంపపుపొట్టు కలిపిన మక్కు అనే ముద్దతో అతికించి, ఆరాక నునుపు చేసి రంగులద్దే క్రమం (దుకాణపు అద్దాల వెనుక ఇది ఎన్నటికీ కనబడదు) పిల్లలు కళ్లారా చూడవలసినది. 1992లో నెలకొల్పిన హస్తకళల గ్రామం శిల్పారామం హైదరాబాదుకు ఇచ్చిన అవకాశం ఈ తోటల ఊరికి దక్కకపోవడం అన్యాయం. కళాకారుల నుంచి స్టాళ్ల అద్దె వసూలు చేయకుండా ఈ సంతను నడిపే బాధ్యతను పురపాలక సంఘం వచ్చే వేసవికైనా స్వీకరించాలి.

— ఒక పాఠకుడు, నూజివీడు