పొట్లం మీద బొమ్మకు వెల కట్టేదెవరు?

సాయంత్రం బడి గంట కొట్టగానే పిల్లలు పరుగెత్తేది ఇంటికి కాదు, బడి ముందరి అంగడికి. అక్కడ దండలుగా వేలాడే పొట్లాల మీద టీవీలో చూసిన బొమ్మలే కనిపిస్తాయి. "అమ్మా, ఆ బొమ్మ పొట్లం కొనీమ్మా" అని బిడ్డ కొంగు పట్టుకుంటాడు. లోపల ఏముందో వాడికి తెలియదు, వాడికి అక్కర్లేదు కూడా. కూలికి పోయి వచ్చిన తల్లి కొంగుముడి విప్పక తప్పదు. చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లెల్లో ఇది కొత్త సంగతి కాదు.

అయిదు రూపాయలే కదా అని సరిపెట్టుకునేవారున్నారు. రోజుకు అయిదు చొప్పున నెలకు నూటయాభై. ఇద్దరు బిడ్డలుంటే మూడు వందలు. కూలి డబ్బుతో గడిచే ఇంటికి ఇది చిన్న మొత్తం కాదు.

ఈ వ్యాపారం నిన్న మొన్న పుట్టింది కాదు. అమెరికాలో వాల్ట్ డిస్నీ 1928లో మిక్కీ మౌస్ అనే ఎలుక బొమ్మను తెర మీద ఆడించాడు. 1933 నాటికే ఆ ఎలుక చేతి గడియారం మీదికి ఎక్కింది. సినిమా టికెట్ల మీద వచ్చేది ఒక ఆదాయం, బొమ్మను అద్దెకిస్తే వచ్చేది మరో ఆదాయం అని అప్పుడే తేలిపోయింది. మన దగ్గర హైదరాబాదులో రాజీవ్ చిలకా స్థాపించిన గ్రీన్ గోల్డ్ సంస్థ తయారుచేసిన చోటా భీమ్ 2008లో టీవీలోకి వచ్చాడు. లడ్డు తింటే చాలు బలం పుంజుకునే ఆ బుడతడు దేశమంతటా పిల్లల నోళ్లలో నానాడు. ఆ బొమ్మతో వస్తువులు అమ్మడానికి సంస్థ సొంత దుకాణాలు కూడా తెరిచింది. 2025 జూలైలో విడుదలైన 'మహావతార్ నరసింహ' బొమ్మల సినిమాకు పెద్దలు సైతం పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లారు.

మన కథలు, మన పురాణాలు బొమ్మల సినిమాలుగా రావడం సంతోషించదగిన విషయమే. వాటివల్ల ఎందరో చిత్రకారులకు పని దొరికింది. అందులో తప్పు పట్టవలసింది లేదు. చిక్కు అంతా బొమ్మ తెర దిగి అంగట్లోకి వచ్చాకే మొదలవుతోంది.

తిరుపతి లడ్డు పేరును ఎవరు పడితే వారు వాడుకుని అమ్ముకోవడానికి వీల్లేదు. 2009లో దానికి భౌగోళిక గుర్తింపు లభించింది. సినిమా బొమ్మ విషయంలోనూ అంతే. చట్టం వేరైనా, దాని హక్కుదారు అనుమతి లేనిదే పొట్లం మీద అచ్చు వేయకూడదు. అనుమతి ఊరికే రాదు. అమ్మకంలో కొంత వాటా చెల్లించాలి. ఆ వాటా కంపెనీ జేబులోంచి పోతుందనుకుంటే పొరపాటే. అది పొట్లం ధరలో కలుస్తుంది, లేదా పొట్లంలోని సరుకు తగ్గుతుంది. 'ఉచితం' అని లోపల పెట్టిన చిన్న బొమ్మ ఖరీదూ అంతే. ఏది ఉచితమన్నా చివరికి కట్టేది కొన్నవాడే.

ఇక్కడ మరో సంగతి ఆలోచించాలి. మామిడి గుజ్జుకు చిత్తూరు జిల్లా పెట్టింది పేరు. 2025లో తోతాపురి కాయ ధర పడిపోయినప్పుడు కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి 12 రూపాయలు రైతుకు ఇవ్వాలని నిర్ణయించవలసి వచ్చింది. చెట్టు పెంచి, కాయ కోసి, ట్రాక్టర్ల మీద వరుసలో పడిగాపులు కాసిన రైతుకు గిట్టుబాటు కోసం ఇంత అవస్థ. సీసా మీద బొమ్మకు మాత్రం ఒప్పందం ప్రకారం వాటా అందుతుంది. పండుకు లేని విలువ బొమ్మకు రావడం ఏ న్యాయం?

తిండి సంగతి మరీ ముఖ్యం. బొమ్మ పొట్లాల్లో ఎక్కువగా ఉండేది ఉప్పు, చక్కెర, నూనె. వేరుశనగ ఉండ, కమ్మర్‌కట్టు, బొరుగులు మన ఊళ్లలోనే తయారవుతాయి. వాటిలో సత్తువ ఉంది, వాటి మీద బొమ్మ లేదు. అందుకే అవి డబ్బాల్లో మిగిలిపోతున్నాయి. కథ ఎక్కడ ముగిసిందో, ప్రకటన ఎక్కడ మొదలైందో పెద్దలకు తెలుస్తుంది. అయిదేళ్ల బిడ్డకు తెలియదు. తనకు ఇష్టమైన వీరుడు తినమంటున్నాడనే వాడు నమ్ముతాడు. ఆ నమ్మకంతో బేరమాడటం ధర్మం కాదు. దక్షిణ అమెరికాలోని చిలీ దేశం 2016లోనే చక్కెర, ఉప్పు, కొవ్వు హద్దు మీరిన తినుబండారాల పొట్లాల మీద పిల్లలను ఆకర్షించే బొమ్మలను నిషేధించింది.

మన దేశంలోనూ నిబంధనలు లేకపోలేదు. కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువగా ఉన్న తినుబండారాలను బడి గేటుకు 50 మీటర్ల లోపు పిల్లలకు అమ్మరాదని ఆహార భద్రతా సంస్థ 2020లో నిబంధన చేసింది. కొనమని పిల్లలను నేరుగా పురికొల్పే ప్రకటనలు, అమ్మానాన్నలను ఒప్పించమని చెప్పే ప్రకటనలు చేయరాదని 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. 2021 జనవరి 1 నుంచి ఆటబొమ్మలకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి. గంగమ్మ జాతరలోనో, కాణిపాకం బ్రహ్మోత్సవాల్లోనో బొమ్మ కొనేముందు ఆ గుర్తు ఉందో లేదో ఎందరు చూస్తున్నారు?

నిబంధన కాగితం మీద ఉంటే చాలదు. ఆహార తనిఖీ అధికారులు పట్టణాల హోటళ్లతో సరిపెట్టక పల్లె బడుల ముందరి అంగళ్లను కూడా చూడాలి. అలాగని అంగడి పెట్టుకుని బతికే పేదవాడి మీద జరిమానా వేసి చేతులు దులుపుకోవడం పరిష్కారం కాదు. అతడు అమ్మేది పైనుంచి వచ్చిన సరుకే. ఉండలు, బొరుగులు, పండ్లు అమ్మితే గిట్టుబాటయ్యేలా పంచాయతీలు, మహిళా సంఘాలు తోడ్పడాలి. ప్రధానోపాధ్యాయులు తల్లిదండ్రుల సమావేశంలో ఈ విషయం చర్చకు పెట్టాలి. మోసం జరిగిందనుకుంటే 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చని ప్రతి బడి గోడ మీద రాయించాలి.

బొమ్మలు మనకు కొత్తవి కావు. ఏర్పేడు దగ్గరి మాధవమాలలో కొయ్య చెక్కే చేతులు ఈనాటికీ ఉన్నాయి. తిరుపతికి వచ్చిన యాత్రికుడు కొయ్య బొమ్మల జత కొనుక్కుపోవడం పాత అలవాటు. నమోదైన హస్తకళాకారులకు ఆటబొమ్మల నిబంధన నుంచి మినహాయింపు కూడా ఉంది. ఆ చేతులకు పని కల్పించి, పిల్లలు మెచ్చే బొమ్మలు చేయించి, తిరుపతిలోని లేపాక్షి దుకాణంలోనే కాక జాతరల్లోనూ అమ్మిస్తే ఆ డబ్బు జిల్లాలోనే తిరుగుతుంది.

బిడ్డ బొమ్మను చూసి మురిసిపోవడం సహజం. ఆ మురిపెం మీద వ్యాపారం చేసేవారిని అదుపులో పెట్టడం అధికారుల పని. పొట్లాన్ని తిరగేసి లోపల ఏముందో చదవడం, చదువు రాకపోతే బడికి పోయే బిడ్డ చేతనే చదివించుకోవడం తల్లిదండ్రుల పని. అలా చదవడం నేర్చిన బిడ్డ రేపు పొట్లం మీది బొమ్మను చూసి మోసపోడు.