ట్రాలీ వెనక ఎర్ర దీపం

మా పలమనేరులో మంచు కురవదు. డిసెంబరు పొద్దున్నే కమ్ముకునే పొగమంచే మాకు కశ్మీరు. అయినా ఈ వారం కబుర్లు మంచు మీద నడిచే బండితో మొదలుపెడతాను. చివరికి ట్రాక్టరు ట్రాలీ దగ్గరికే వస్తాం, కంగారు పడకండి.

స్నోమొబైల్ అంటే మంచు మీద పరిగెత్తే స్కూటరు లాంటిది. ముందు చక్రం బదులు రెండు స్కీలు, వెనక చక్రం బదులు రబ్బరు పట్టా. గుల్మార్గ్ వెళ్లొచ్చినవాళ్లలో కొందరు ఎక్కే ఉంటారు. ఇది సరదా కోసం పుట్టిన బండి కాదు. కెనడాలోని క్యూబెక్‌లో జోసెఫ్ అర్మాండ్ బొంబార్డియర్ అనే మెకానిక్ ఉండేవాడు. 1934 చలికాలంలో రోడ్లన్నీ మంచుతో మూసుకుపోయి, జబ్బు చేసిన రెండేళ్ల కొడుకును ఆసుపత్రికి చేర్చలేకపోయాడు. పిల్లవాడు చనిపోయాడు. 1937లో మంచుబండి పట్టాకు ఆయనకు పేటెంటు వచ్చింది. ఒకరిద్దరు ఎక్కే చిన్న బండి 'స్కీ-డూ' 1959లో వచ్చింది. ఇంజిన్ నుంచి శక్తిని అందించే ఏర్పాటు మన యాక్టివాలో ఉన్నలాంటిదే, బెల్టూ పుల్లీలూ.

మా టీమ్‌లో మిన్నెసోటా నుంచి పనిచేసే ఒకాయనకు ఈ బండ్ల పిచ్చి. శుక్రవారం కాల్‌లో పని అయిపోగానే మొదలుపెడతాడు. విచిత్రమేంటంటే ఆయన కబుర్లలో మంచు మీద దూసుకుపోవడం పావు వంతే. మిగతా ముప్పావు వంతు, బండిని ఎక్కించుకుని వెళ్లే ట్రైలరు గురించే. తాళ్లు బిగించామా, స్పేర్ బెల్టు పెట్టుకున్నామా, ట్రైలరు వెనక దీపాలు వెలుగుతున్నాయా. రాత్రి పూట ఒకటే సూత్రం అంటాడు: నీ హెడ్‌లైటు వెలుగు కంటే ముందు నువ్వు పరిగెత్తకు.

ఆ మాట నా బుర్రలో ఉండిపోయింది. ఇంజినీరింగ్ చదివినందుకు లెక్క వేసి చూశాను. గంటకు 60 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. అడ్డం కనిపించి చెయ్యి బ్రేకు మీద పడటానికి సెకనున్నర అనుకుందాం. అంతలోనే 25 మీటర్లు పోయాం. పొడి రోడ్డు మీద బాగా బ్రేకు వేసినా ఆగడానికి ఇంకో 28 మీటర్లు. మొత్తం 53. అదే 40లో పోతే 29 మీటర్లతో సరి. 80లో అయితే 80 మీటర్లు దాటుతుంది. మీ బండి డిమ్ లైటు రోడ్డు మీద ఎంత దూరం పడుతుందో ఒక రాత్రి ఇంటి ముందు అడుగులతో కొలిచి చూడండి. మీ స్పీడు ఎంత ఉండాలో అదే చెబుతుంది.

ఈ లెక్క మా ఊరి రోడ్లకు ఎందుకంటారా? పలమనేరు సుమారు 680 మీటర్ల ఎత్తులో ఉంది. చిత్తూరు ఎత్తు అందులో సగమే. ఆ దిగుడంతటికీ మధ్యలో ఉండేది మొగిలి ఘాట్. 2024 సెప్టెంబరు 13న అక్కడ ఆర్టీసీ బస్సూ, లారీలూ ఢీకొని పలువురు చనిపోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఇంకో పక్క గుడియాత్తం దారిలో కౌండిన్య అడవి. 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి ఏనుగులు వచ్చి ఇక్కడ స్థిరపడ్డాయి. 1990లో దాన్ని అభయారణ్యం చేశారు. రాత్రి తారు రోడ్డు మీద నిలబడిన ఏనుగుకు వెనక రిఫ్లెక్టరు ఉండదు. దాన్ని మనం ఏమీ అనలేం.

కానీ ట్రాలీని అనొచ్చు. ట్రాలీ మన వస్తువు.

మా వీధి కుర్రాడొకడు పోయిన ఏడాది రాత్రి తొమ్మిదప్పుడు కుప్పం రోడ్డులో బైకు మీద వస్తున్నాడు. ఎదురుగా లారీ లైట్లు కళ్లలో కొట్టినాయి. రోడ్డు పక్కన టైరు పంక్చరై నిలబెట్టిన ట్రాలీ. దీపం లేదు, స్టిక్కరు లేదు, నాలుగు రాళ్లు అడ్డం పెట్టి మనిషి ఊళ్లోకి పోయినాడు. హెల్మెట్ ఉండబట్టి ప్రాణం దక్కింది. కాలికి రెండు ఆపరేషన్లు అయినాయి. చేరాల్సిన ఉద్యోగం పోయింది. ఇంట్లో సంపాదించేది వాడొక్కడే కావాల్సింది.

వాడిని చూసి వచ్చిన రోజే మా చిన్నాయన దగ్గరికి పోయినాను. ఆయన టమోటా బాక్సులు నింపుకుని తెల్లవారుజామున మార్కెట్‌కు బయల్దేరే మనిషి. ట్రాలీ వెనక దీపాలు ఎప్పుడో రాలిపోయినాయి.

"ఇరవై ఏండ్లుగా ఇదే రోడ్డు మింద తోల్తా ఉండా. నాకు రోడ్డు బాగానే కనిపిస్తా ఉండాది కదరా అబ్బోడా. వెనక లైటు నాకెందుకు?" అన్నాడు.

"నీకు కనిపించేదానికి కాదు చిన్నాయనా, నువ్వు కనిపించేదానికి" అన్నాను.

ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "సరే, ఆదివారం రా" అన్నాడు.

ఆదివారం మెకానిక్ అన్నను వెంటపెట్టుకుని పోయినాను. ముందు స్టిక్కర్లు అతికించినాం. వెనక ఎరుపు, పక్కల పసుపు, ముందు తెలుపు. రిఫ్లెక్టివ్ టేపుకు రూలు అదే. దుమ్ము తుడిచి, తడి ఆరాక అతికిస్తేనే నిలుస్తుంది. తర్వాత దీపాలు. కొత్త బల్బులు, కొత్త వైరు, ట్రాక్టరు వెనక ఉండే సాకెట్‌కు కనెక్షన్. స్విచ్ వేస్తే వెలిగింది. బ్రేకు తొక్కితే వెలుగు పెరగాల్సింది పోయి డల్ అయిపోయింది! మల్టీమీటరు పెడితే సాకెట్ దగ్గర 12 వోల్టులు చక్కగా ఉన్నాయి. బల్బు మార్చినాం, అదే కథ.

మా మిన్నెసోటా మిత్రుడికి మెసేజ్ పెట్టాను. ఒక్క ముక్కలో జవాబు వచ్చింది: "ఎర్త్." నిజమే. ట్రాలీకి వేరే ఎర్త్ వైరు లేదు. కరెంటు వెనక్కి రావడానికి ట్రాలీని ట్రాక్టరుకు తగిలించే పిన్నే దారి. ఆ పిన్నుకు తుప్పు, గ్రీజు, మట్టి. ఒక్క దీపానికి ఎలాగో నెట్టుకొచ్చింది, రెండోది తోడయ్యేసరికి చేతులెత్తేసింది. చాసిస్ మీద పెయింటు గీకి, బోల్టు బిగించి, అక్కడి నుంచి సాకెట్ ఎర్త్ పిన్నుకు ఒక వైరు లాగినాం. రెండు దీపాలూ ఎర్రగా మండినాయి. ఆయన ఊర్లో రోడ్ల మీద చల్లే ఉప్పు వల్ల, మా ఊర్లో పొలం బురద వల్ల. జబ్బు మాత్రం ఒకటే. ఖర్చంతా కలిపి, టమోటాకు ధర బాగున్న రోజున రెండు బాక్సులు అమ్మితే వచ్చేంత.

ట్రాక్టరు ఉన్న ఇళ్లకు ఇంకో రెండు ముక్కలు. దుక్కిలో మలుపు కోసం ట్రాక్టరుకు కుడి ఎడమ బ్రేకులు విడివిడిగా ఉంటాయి. రోడ్డెక్కే ముందు ఆ రెండు పెడళ్లనూ లాక్‌తో కలపాలి. లేకపోతే ఒక పక్కే బ్రేకు పడి బండి తిరిగిపోతుంది. మొగిలి లాంటి దిగుడులో డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ చెయ్యొద్దు. చాలా ట్రాలీలకు సొంత బ్రేకులు ఉండవు, బరువంతా వెనక నుంచి ట్రాక్టరును నెడుతుంది. ఎక్కడానికి ఏ గేరు కావాలో దిగడానికీ అదే గేరు.

బైకు మీద పోయే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు: ఎదురు లైటు కళ్లలో పడితే దాన్ని చూడకండి. రోడ్డు ఎడమ అంచు చూస్తూ స్పీడు తగ్గించండి. అడవి దారిలో ఏనుగు కనిపిస్తే దూరంలోనే ఆగండి. హారన్ వద్దు, లైట్లు ఆర్పి వెలిగించడం వద్దు, సెల్ఫీ అసలే వద్దు. బండి తిప్పుకుని వెనక్కి వచ్చేయండి. పని ఒక గంట ఆలస్యమైతే కొంప మునగదు.

ఆయుధపూజకు మన దగ్గర ట్రాక్టర్లను పెళ్లికొడుకుల్లా ముస్తాబు చేస్తారు. ముందు వైపు అరటి పిలకలు, పూలదండ, చక్రాల కింద నిమ్మకాయలు. ట్రాలీ వెనక్కి మాత్రం ఎవరూ పోరు. ఈసారి ఒక తడిగుడ్డ పట్టుకుని అక్కడికీ పోండి. దీపాల మట్టి తుడవండి, ఎర్ర స్టిక్కరు ఊడిపోయి ఉంటే కొత్తది అతికించండి. గుమ్మడికాయ పగలగొట్టాక ఆ ముక్కలను రోడ్డు మీద నుంచి పక్కకు తీసేయండి, బైకులు జారతాయి. దిష్టి తీసినంత పుణ్యం అందులోనూ ఉంది.